మూసీ పెరుగుతోంది, బడికి రండి

హైదరాబాద్‌లో మూసీ మీది మూసారాంబాగ్ వంతెన పక్క నుంచి కిందికి దిగే ఒక సందులో నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. రీఛార్జ్‌లు, డిస్‌ప్లే మార్చడం, ఛార్జింగ్ పిన్ను, టెంపర్డ్ గ్లాస్... ఇదే పని. 2023 వానాకాలంలో ఒక మధ్యాహ్నం, కౌంటర్ మీద రిపేరుకు వచ్చిన ఫోన్లలో నాలుగు ఒక్కసారే కూత పెట్టాయి. మామూలు రింగ్‌టోన్ కాదు. అంబులెన్స్‌కీ ఫ్యాక్టరీ సైరన్‌కీ మధ్యలో ఉండే ఒక మోత, దాంతోపాటు వైబ్రేషన్. నా జేబులో ఉన్న ఫోన్ మాత్రం చప్పుడు చేయలేదు. అది వేరే కంపెనీ సిమ్. ఆ రోజుల్లో పరీక్ష ఒక్కో కంపెనీ నెట్‌వర్క్ మీద ఒక్కోసారి జరిగిందని తర్వాత తెలిసింది.

పది నిమిషాల్లో షాపు ముందు జనం. "అన్నా, గిదేంది గిట్ల మొత్తుకుంటుంది? హ్యాకైందా?" "బ్యాంకులో పైసలు పోతయా?" ఒకాయన అప్పటికే సిమ్ పీకి చేతిలో పట్టుకొని వచ్చాడు. తెర మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పాను. కేంద్ర టెలికాం శాఖ పంపిన సాంపుల్ మెసేజ్ అట, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెడుతున్న హెచ్చరిక ఏర్పాటుకు పరీక్ష అట, మనం చేయాల్సింది ఏమీ లేదట. పసిబిడ్డ తల్లి ఒకామె, "పిల్ల ఉలిక్కిపడి లేచింది, ఇది బంద్ చెయ్యన్నా" అంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బంద్ చేశాను. ఆమెను చూసి ఇంకో ఆరుగురు చేయించుకున్నారు. పైసలు కూడా తీసుకోలేదు, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆ రాత్రి షట్టర్ దించుతుంటే బుర్రకు తట్టింది. 2020లో మెడ లోతు నీళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకొని బయటపడ్డ ఇళ్లే అవి. ఆ ఇళ్ల ఫోన్లకే నా చేత్తో నేను గొంతు నొక్కాను.

2020 సంగతి రెండు మాటల్లో చెప్తాను. అక్టోబర్ 13, మంగళవారం. కరోనా కాలం, షాపు సగం రోజే తెరుస్తున్నాం. ఘట్‌కేసర్ వైపు ఆ ఒక్క రోజులోనే 32 సెంటీమీటర్ల వాన పడింది. మా సందుకు మూసీ ఎప్పుడు వచ్చిందో మాకు తెలియదు. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి, ఏ ఫోనూ చెప్పలేదు. చెప్పింది మేకలాయన. మేకలు అరుస్తుంటే లేచి, నీళ్లు చూసి, తలుపు తలుపూ కర్రతో బాదుకుంటూ పోయాడు. అందరం బతికాం. నా షాపులో మాత్రం కింది అరల్లో ఉన్న మదర్‌బోర్డులు, రిపేరుకు ఇచ్చిన పద్దెనిమిది ఫోన్లు బురదపాలు. వాటి డబ్బు కట్టడానికి ఏడాది పట్టింది.

అందుకే 2023లో ఆ కూత విన్నాక, మా బస్తీకి ఫోన్ల మీద ఒక హెచ్చరిక ఏర్పాటు చేయాలని కూర్చున్నాను. ఫోన్లు నా పని కదా, వారం రోజుల్లో అయిపోతుందనుకున్నాను.

మొదట వాట్సాప్ గ్రూప్ పెట్టాను. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీకూ ఒకటి ఉండే ఉంటుంది. మొదటి వారం వాన వార్తలు, రెండో వారం గుడ్ మార్నింగ్ పూలు, మూడో వారం ప్లాట్ల ప్రకటనలు. నెల తిరిగేసరికి సగం మంది మ్యూట్ చేశారు. నేనూ చేశాను.

ఆ తర్వాత బల్క్ ఎస్ఎంఎస్. అసలు కథ ఇక్కడ మొదలైంది. ఒకేసారి రెండు వందల మందికి మెసేజ్ పంపాలంటే ఈ రోజుల్లో ఊరికే కుదరదు. స్పామ్‌ను ఆపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసుకోవాలి. ముందు పంపేవాళ్లుగా మనం నమోదు కావాలి, తర్వాత పంపినవాళ్ల పేరుగా కనిపించే ఆరు అక్షరాల హెడర్, ఆ తర్వాత పంపబోయే మెసేజ్‌ను మాటమాటా రాసి టెంప్లేట్‌గా ఒప్పించుకోవాలి. బస్తీ పేరు మీద ఏ రిజిస్ట్రేషనూ లేదు కాబట్టి నా షాపు జీఎస్టీ, పాన్ పెట్టాను. ఫీజు, దాని మీద పన్ను కలిపి ఐదు వేల తొమ్మిది వందలు. ఇంట్లో చెప్పలేదు.

టెంప్లేట్ రాయడానికి ఒక ఆదివారం పట్టింది. పేపర్లలో చదివి చదివి మన చేతికి ఒక భాష అలవాటైపోయింది. నేను రాసింది ఇది: "అత్యవసర హెచ్చరిక: మూసీ నదికి వరద ప్రవాహం పెరుగుతున్నందున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండి సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లవలసిందిగా విజ్ఞప్తి". గంభీరంగా ఉందని మురిసిపోయాను. సైట్‌లో పెడితే 146 అక్షరాలు, మూడు మెసేజ్‌ల ఖర్చు అని చూపించింది.

తెలుగులో ఎస్ఎంఎస్ పంపేవాళ్లకు తెలియాల్సిన సంగతి ఇది. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. పొడుగైతే ముక్కలు చేసి పంపుతుంది, అప్పుడు ముక్కకు 67. పైగా మనం ఒక అక్షరం అనుకునేది ఫోన్ లెక్కలో ఒకటి కాదు. 'స్త్రీ' చూడండి. మనకు ఒకటే అక్షరం, దానికి ఆరు. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్క. ముక్కల్లో ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే పాత ఫోన్లలో సగం మాటే కనిపిస్తుంది. 'తరలివెళ్లవలసిందిగా' అనే ఒక్క మాటకే 18 పోయాయి.

ఆ మెసేజ్‌ను మా వీధి చివర ఇస్త్రీ బండి అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "ఎవలకు చెప్తున్రు బిడ్డా?" అంది. లోతట్టు ప్రాంతాల ప్రజలంటే తామేనని ఆమెకు తట్టలేదు. తట్టదు కూడా. ఎవరి ఇల్లు వాళ్లకు ఇల్లే, లోతట్టు ప్రాంతం కాదు. 'సురక్షిత ప్రాంతం' ఎక్కడుందని అడిగింది. నేను ఎక్కడో రాయలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వాళ్లకు కళ్ల ముందు చెట్టు కనబడింది, ఎక్కారు. నా మెసేజ్‌లో అలాంటి చెట్టు లేదు.

రంగులతో కూడా ఇదే తంటా. వాతావరణ శాఖ వాళ్లవి పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు. ఎల్లో అలర్ట్ అంటే ఏంటో వివరిస్తుంటే అదే అమ్మ, "పసుపంటే మంచిదే గదా" అంది. ఎర్రది తప్ప మిగతా రంగులు మా బస్తీలో పనికి రావని ఆ రోజే కొట్టేశాను.

కొట్టేస్తూ, కుదిస్తూ చివరికి ఇది మిగిలింది: "మూసీ పెరుగుతోంది. పిల్లలు, పెద్దలతో ఇప్పుడే సర్కారు బడికి వెళ్లండి." 67 అక్షరాలు. మా ఆవిడ చదివి 'వెళ్లండి' తీసి 'రండి' పెట్టమంది. అక్కడ మనవాళ్లు ఎవరో ఉన్నట్టు ఉంటుందని ఆమె ఉద్దేశం. నాలుగు అక్షరాలు కూడా మిగిలాయి. 63. ఒకే మెసేజ్‌లో పడుతుంది.

పంపాను. తిరస్కరించారు. పంపేవాళ్ల పేరు టెంప్లేట్‌లో లేదట. అంటే నా షాపు పేరు పెట్టాలి. పెడితే 70 దాటి మళ్లీ రెండు ముక్కలు. సరే అని పెట్టి పంపితే, దాన్ని ప్రమోషనల్, అంటే ప్రకటనల కిందకు వేసుకోమని ఏజెంటు సలహా. ప్రమోషనల్ అంటే రాత్రి 9 దాటాక వెళ్లదు, ప్రకటనలు వద్దని డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్లకు అసలే వెళ్లదు. "నీళ్లు పొద్దున పది తర్వాతే రావాలని మూసీకి ఎవరు చెప్తారు?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. నాలుగోసారికి సర్వీస్ మెసేజ్ కింద ఒప్పుకున్నారు. అప్పటికి రెండు నెలలు గడిచాయి.

పరీక్షగా ఒక రోజు సాయంత్రం అందరికీ పంపాను. మరునాడు ఇల్లిల్లూ తిరిగి అడిగాను. చేరినవాళ్లలో చాలామంది చదవనే లేదు. కింద మొబైల్ షాపు పేరు చూసి, "నువ్వు రీఛార్జ్ ఆఫర్ పంపినవనుకున్నన్నా" అన్నారు.

కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే జనానికి ఈ అలవాటు నేర్పింది మా షాపులవాళ్లమే. పాత నోకియా ఫోన్లు వాడినవాళ్లకు గుర్తుండాలి. సెల్ ఇన్ఫో ఆన్ చేసి 050 ఛానెల్ పెడితే, ఫోన్ తెర మీద మనం ఉన్న ఏరియా పేరు వచ్చేది. మలక్‌పేట దాటితే మారేది, కోఠి చేరితే మళ్లీ మారేది. తర్వాత అదే దారిలో పాటలు, జోకులు, జాతకాలు వచ్చి పడేవి. పొరపాటున ఓకే నొక్కితే బ్యాలెన్స్ కట్. జనం మొత్తుకుంటే, మేం వరసగా కూర్చొని అందరి ఫోన్లలో దాన్ని ఆఫ్ చేసి పెట్టేవాళ్లం.

ఈ కథ ఎందుకంటే, 2023లో కూత పెట్టిన సైరన్ కూడా వచ్చింది ఆ దారిలోనే. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఎస్ఎంఎస్ అంటే పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఒక్కో నంబరు వెతుక్కుంటూ, ఒక్కో ఇంటికి విడిగా పోవాలి. అందరూ ఒకేసారి ఫోన్లు చేసే వరద వేళ లైన్‌లో ఇరుక్కుంటుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ రేడియో లాంటిది. టవర్ ఒక్కసారి పలుకుతుంది, దాని కింద ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబరు అక్కర్లేదు, నమోదు అక్కర్లేదు, నిన్న ఊరి నుంచి వచ్చిన చుట్టం ఫోన్‌లో కూడా మోగుతుంది. నెట్‌వర్క్ రద్దీ దానికి అడ్డం కాదు. ఏ టవర్లు పలకాలో మ్యాప్ మీద గీత గీసి ఎంచుకోవచ్చు. మన దేశంలో దీన్ని కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారు చేసింది, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' పేరుతో నడుపుతోంది. సచేత్ యాప్ కూడా ఉంది. జపాన్‌లో 2007 నుంచి భూకంపం రాబోతోందని ఫోన్లకు చెప్తున్నది ఇలాగే.

లోపాలూ ఉన్నాయి. ఎవరికి చేరిందో పంపినవాళ్లకు తెలియదు. వైఫై ఒక్కటే ఉండి, విమానం మోడ్‌లో ఉన్న ఫోన్ వినదు. టవర్‌కు వంతెన ఈ పక్కా ఆ పక్కా తేడా ఉండదు, కాబట్టి అవసరం లేని అంబర్‌పేట మేడ మీది వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. ఇక బ్యాటరీ అయిపోయిన ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ తెలిశాక నేను చేయాల్సిన పని చిన్నదైపోయింది. సైరన్ నేను కనిపెట్టక్కర్లేదు, బంద్ చేసినవాటిని మళ్లీ తెరవాలి. అంతే. కానీ ఒక్కో కంపెనీ ఆ సెట్టింగ్‌ను ఒక్కో మూల దాచింది. కొన్నింట్లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద, కొన్నింట్లో నోటిఫికేషన్ల అడుగున. సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతికే గడిలో 'ఎమర్జెన్సీ' అనో 'అలర్ట్' అనో కొడితే త్వరగా దొరుకుతుంది. షాపు ముందు అట్ట ముక్క మీద రాసి పెట్టాను: "వరద సైరన్ ఫ్రీగా ఆన్ చేయబడును". గ్లాస్ వేయించుకోడానికి వచ్చినవాళ్ల ఫోన్ కూడా అడిగి చూసేవాణ్ని. పసిబిడ్డ తల్లి ఒప్పుకోలేదు. సరే, ఆమె ఇష్టం.

తర్వాత నేనొక పెద్ద తప్పు చేశాను. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి. ఖమ్మం వైపు కుండపోత, మున్నేరు పొంగుతోందని టీవీలో ఒకటే హడావుడి. నా ఫోన్‌కు మాకు ఎగువన ఉన్న హిమాయత్ సాగర్ జలాశయం గేట్లు ఎత్తిన వీడియో ఒకటి వచ్చింది. నురుగులు కక్కుతూ నీళ్లు. చేతులు వణికాయి. ఆలోచించకుండా 63 అక్షరాలూ పంపేశాను, షాపు పేరుతో సహా. ఈసారి అందరూ చదివారు! వానలో పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకొని బడికి వచ్చారు. బడికి తాళం. వాచ్‌మన్ ఫోన్ ఎత్తడు. రెండు గంటలు అందరూ అరుగు మీద తడిశాక ఒక కుర్రాడు కనిపెట్టాడు, ఆ వీడియో పాతదని.

2018 జనవరి 13న హవాయి దీవుల్లో క్షిపణి వస్తోందని ఫోన్లన్నిటికీ తప్పుడు హెచ్చరిక పోయింది. అది తప్పని రెండో మెసేజ్ పంపడానికి 38 నిమిషాలు పట్టింది. తప్పయిందని చెప్పడానికి కూడా ముందే ఒక మెసేజ్ రాసి పెట్టుకోవాలని వాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. నా దగ్గర ఒప్పుకున్న టెంప్లేట్ ఒక్కటే, 'రండి' అని. 'రావద్దు' అని పంపే వీలు లేదు. ఆ తర్వాత నెల రోజులు పిల్లలు నన్ను చూసి "మూసీ పెరుగుతోంది" అని అరిచేవాళ్లు.

ఆ దెబ్బతో బల్క్ ఎస్ఎంఎస్ మానేశాను. మేకలాయన చేసిందే ఫోన్లతో చేద్దామనుకున్నాం. బస్తీని తొమ్మిది ముక్కలు చేసి, ముక్కకు ఒక మనిషి. నేను తొమ్మిది కాల్స్ చేస్తాను, వాళ్లు ఒక్కొక్కరు తమ సందులో ఐదారు ఇళ్లకు చేస్తారు, ఎత్తకపోతే పోయి తలుపు కొడతారు. బడి తాళం చెవి రెండోది ఒకటి మా దగ్గర ఉండేలా హెడ్‌మాస్టర్ గారిని అడిగి ఒప్పించాం. మసీదు మైకు వాడుకోవడానికి ఇమామ్ సాబ్ అడగ్గానే సరేనన్నారు. ఉర్దూలో ఏం చెప్పాలో కూడా ఆయనే రాసి పెట్టారు, మన దానికన్నా చిన్నగా.

ఎప్పుడు కాల్ చేయాలన్నది మిగిలింది. టీవీలో ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు అని చెప్తారు. మాకు ఆ అంకెలతో ఏం పని? గేట్లు ఎత్తినట్టు నగరానికి నీళ్లిచ్చే జలమండలి ప్రకటించిందా లేదా అన్నదే కావాలి. అక్కడ వదిలిన నీళ్లు బాపూఘాట్ దగ్గర కలిసి, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ దాటుకొని మా దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మాకు దొరికే టైమ్ అంతా అదే. ఏటి వైపు దిగే మెట్ల పక్క గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశాం. ప్రకటన వచ్చి, నీళ్లు గీత తాకితే కాల్స్ మొదలు. వీడియోలు చూసి కాదు.

2025 సెప్టెంబర్ 26, శుక్రవారం. బతుకమ్మ రోజులు. సాయంత్రానికే జంట జలాశయాల గేట్లు ఎత్తుతున్నారని వార్త వచ్చింది. ఈసారి జలమండలి పేరు, గేట్ల లెక్క, టైమ్ అన్నీ చూసుకున్నాను. ఇద్దరు కుర్రాళ్లు మెట్ల దగ్గర టార్చ్‌లతో కూర్చున్నారు. గీత తడవగానే కాల్ చేశారు. నేను తొమ్మిది కాల్స్ మొదలుపెట్టాను. ఏడు కలిశాయి. ఎనిమిదో ఆయన ఫోన్ స్విచాఫ్. కరెంట్ పోయి ఛార్జింగ్ లేదట. ఆ సందుకు మా తమ్ముణ్ని పరుగెత్తించాను. తొమ్మిదో మనిషి పెళ్లికి వెళ్లి నల్గొండలో ఉన్నాడు, కానీ అక్కణ్నుంచే తన ఆరు ఇళ్లకూ ఫోన్ చేశాడు. ఇలా కూడా కుదురుతుందని మాకప్పటిదాకా తోచలేదు. మైకులో ఇమామ్ సాబ్ గొంతు. ఆ రాత్రి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే మూసీ వచ్చింది, ప్రయాణికులను పోలీసులు బయటకు తెచ్చారు. మా వాళ్లు అప్పటికే బడి వరండాలో ఉన్నారు.

ఒక్క గది మిగిలింది. ఒడిశా నుంచి సెంట్రింగ్ పనికి వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు, వచ్చి పది రోజులే అయింది. నా నోట్‌బుక్‌లో వాళ్ల నంబరు లేదు. మైకులో తెలుగు, ఉర్దూ వినిపించినా పండుగ సందడి అనుకొని పడుకున్నారు. నీళ్ల క్యాన్లు వేసే అబ్బాయికి గుర్తొచ్చి పరుగెత్తుకెళ్లి లేపాడు. అప్పటికే వాళ్ల గుమ్మంలో మోకాలు లోతు. టవర్ నుంచి వాళ్ల భాషలో సైరన్ మోగితే ఆ అబ్బాయి పరుగెత్తే పని ఉండేది కాదు. మా తొమ్మిది మంది ఏర్పాటులో ఉన్న బొక్క అదే. నోట్‌బుక్‌లో లేనివాళ్లు మాకు లేనట్టే.

షాపులోకి ఈసారి కూడా నీళ్లు వచ్చాయి. మదర్‌బోర్డులు మాత్రం పై అరలో ఉన్నాయి.

రెండు రోజులకు బురద కడుగుతుంటే పసిబిడ్డ తల్లి వచ్చింది. బిడ్డకు ఇప్పుడు రెండేళ్లు దాటాయి, చెయ్యి పట్టుకొని నడుస్తోంది. "అన్నా, ఆ మొత్తుకునేది మల్లా పెట్టు" అంది. పెట్టాను. ఆమె వెనకే ఒక ముసలాయన పాత కీప్యాడ్ ఫోన్ తీసి ఇచ్చాడు. మెనూ అంతా వెతికాను, సైరన్ లేదు. ఆయన నంబరు నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే, ఒడిశా కుర్రాళ్లది కూడా రాసుకున్నావా అని అడిగాడు.